సంత లెక్క, రోజుల లెక్క

పదకొండున్నరకు సబ్ ఇన్‌స్పెక్టర్ కతరీనా అహనెల్ మ్యూజియం మెట్లు ఎక్కేసరికి దొంగ దొరికాడు, సంకెళ్ళు పడ్డాయి, కాగితాలు సగం రాయడం కూడా అయింది. దొరకనిది రాయి ఒక్కటే.

"పొద్దెక్కాక వచ్చారే, డోన్యా కతరీనా!" అన్నాడు ఉబాల్దో మెనేసెస్, కలానికి మూత పెడుతూ. పురాతన వస్తువుల దొంగతనాలు చూడటానికి రాజధాని నుంచి పంపిన అధికారి అతను. చొక్కా మీద ఒక్క ముడత లేదు. "కేసు మీ కోసం ఆగలేదు మరి."

"ఆగకపోతే మంచిదే సారూ. సంతలో ఇద్దరు ఒకే దుప్పటి కోసం జుట్లు పట్టుకున్నారు. విడదీసి, చెరొక 'చుచితో' ముద్ద తినిపించి వచ్చాను. ఇదిగో, మీకూ ఒకటి. వేడిగా ఉంది." మొక్కజొన్న పొత్తు ఆకులో చుట్టిన పిండిముద్దను ఆమె అతని కాగితాల మీదే పెట్టింది.

"పని మధ్యలో నేను తినను."

"తినకపోతే నేను పని చెయ్యను. ఎవరి అలవాటు వాళ్ళది."

యాభై రెండేళ్ళు వచ్చినా కతరీనాకు పొద్దున లేస్తే ఇంకో రోజు దొరికిందన్న సంతోషం తగ్గలేదు. ఆ కొండ ఊరు మొమొస్తెనాంగో పోలీసుల్లో ఆమె అరవగా విన్నవాళ్ళు లేరు. అయితే గోడ వారన బల్ల మీద కూర్చున్న మనిషిని చూడగానే ఆమె నవ్వు సగంలో ఆగింది. ఆయన అన్సెల్మో షిలోహ్. ఎనభై నాలుగేళ్ళు. ఊరి రోజుల లెక్క మోసే పెద్ద. పిల్ల పుడితే పేరుకు రోజు చెప్పేదీ, పొలంలో విత్తు పడాలంటే రోజు చెప్పేదీ ఆయనే. ఆ ముసలి మణికట్లకు సంకెళ్ళు వదులై మోచేతుల దాకా జారుతున్నాయి.

గుమ్మం బయట ఆయన కోడలు జసింతా కొవ్వొత్తుల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఏడవడం లేదు. అది చూస్తేనే కతరీనాకు ఎక్కువ బాధ వేసింది.

ఊరి లెక్కలో ఈ రోజు ఎనిమిది బాట్స్: ఎనిమిది అంకె, బాట్స్ రోజు పేరు. ఇరవై రోజుల పేర్లు, పదమూడు అంకెలు. రెండూ కలిసి తిరిగి మళ్ళీ ఇదే అంకె ఇదే పేరుతో కలవాలంటే రెండువందల అరవై రోజులు పడుతుంది. కొత్తవాళ్ళకు లెక్క అప్పగించేది ఈ ఒక్క రోజునే. సాయంత్రం నాలుగింటికి కొండ మీద అన్సెల్మో తాత తన లెక్కను జసింతాకు అప్పగించాలి. మెనేసెస్ జీపు రెండింటికి బయలుదేరుతుంది. తాత ఆ జీపు ఎక్కితే ఈ పని మళ్ళీ రెండువందల అరవై రోజులకు పడుతుంది. అప్పటికి ఆయన ఉంటాడని పందెం కట్టేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

"రెండింటి దాకా నాకు వదలండి సారూ," అంది కతరీనా.

"దేనికి? అంతా నీళ్ళంత తేటగా ఉంది. వినండి." మెనేసెస్ కాగితం ఎత్తి చదివాడు. "రోజుల రాయి. మూరెడు పొడవు, ఎనిమిది కిలోలు. ఈ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ సీలు వేసిన పెట్టెలో, ఏడు శాలువాల్లో ఉంటుంది. నిన్న సాయంత్రం ఆరింటికి ఊరి సంఘం పెద్దలు సీలు తీసి, పై ఆరు శాలువాలు ఉతకడానికి పట్టుకెళ్ళారు. ఏడోది విప్పలేదు. మూట లోపల ఉందని సంతకాలు చేశారు. పెట్టెకు తాళం. తాళంచెవి డైరెక్టరు గదిలో మేకుకు. ఈ పొద్దున ఆరింటికి కాపలా మనిషి తలుపులు తీసింది. ఆరూ ఇరవైకి ఈ ముసలాయన ఒంటరిగా లోపలికి వెళ్ళాడు. ఆరూ యాభై అయిదుకి బయటికొచ్చాడు. ఏడింటికి డైరెక్టరు లోపలికి వెళ్ళాడు. ఏడూ అయిదుకి, 'ఇది నకిలీ రాయి' అని కేక. నడుమ ఇంకెవరూ లేరు. చాలా?"

"ఏడో శాలువా ఎవరు విప్పుతారు?"

"ముసలాయనే. మీ ఊరి ఆచారమే కదా."

"ఆయన తరువాత?"

"తరువాత డైరెక్టరు విప్పి చూశాడు. చూడబట్టే దొంగతనం బయటపడింది."

కతరీనా తన పుస్తకంలో ఒక గీత గీసుకుని కాపలా మనిషిని పిలిచింది.

ఎవులాలియా చీపురు పట్టుకునే వచ్చింది. "కతరీనక్కా, ఆ పెద్దాయన్ని కట్టేసినవాళ్ళ చేతులు..."

"చేతుల సంగతి తరువాత. తాత బయటికొచ్చినప్పుడు సంచి ఎంత బరువుంది?"

"నేనే ఎత్తి భుజానికి తగిలించాను. కోడిపెట్టంత బరువు కూడా లేదు. ధూపం అయిపోయింది, కొవ్వొత్తులు అయిపోయాయి, ఎర్ర గింజల మూట ఒక్కటే మిగిలింది. వెళ్ళేటప్పుడు మోసుకెళ్ళింది అక్కడ పెట్టి వచ్చేటప్పుడు రాయి తెచ్చాడంటారా? అంత రాయి ఆ సంచిలో పడితే అడుగు ఊడిపోదూ!"

మెనేసెస్ నవ్వాడు. "ఈవిడ కొడుక్కి ఆయన జ్ఞానతండ్రి. ఈ సాక్ష్యం ఏ కోర్టులో నిలుస్తుంది?"

"ఈ ఊళ్ళో సగం మందికి ఆయనే జ్ఞానతండ్రి సారూ. అలా అయితే మనం సాక్షుల్ని పొరుగూరి నుంచి అద్దెకు తెచ్చుకోవాలి." కతరీనా ఎవులాలియా వైపు తిరిగింది. "డైరెక్టరు గారు ఏడింటికి రావడం రోజూ అలవాటేనా?"

"రోజూనా! తొమ్మిదిన్నరకు ముందు ఆ గది తలుపు తెరుచుకోవడం నేను చూడలేదు. అయిదు నెలల్లో ఇదే మొదలు."

"అయిదు నెలలేనా ఆయన వచ్చి?"

"అంతే. పాతాయన పోయాక."

కతరీనా ఆ మాట కింద రెండు గీతలు గీసింది. తరువాత వెళ్ళి తాత పక్కన కూర్చుంది.

"తాతా, తిన్నారా?"

"ఉపవాసం తల్లీ. సాయంత్రం దాకా."

"రాయి మారిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"శాలువా విప్పగానే."

"మరి కేక వెయ్యలేదేం?"

"అప్పటికే ధూపం వెలిగించాను. మధ్యలో లేవకూడదు. రాయి మారిందని రోజు మారుతుందా? రోజుకు చెప్పాల్సిన మాటలు చెప్పి, మూట మళ్ళీ కట్టి, సంఘం పెద్దలకు చెబుదామని మెట్ల మీద కూర్చున్నాను. ఈలోగా లోపల కేక."

"విన్నారుగా," అన్నాడు మెనేసెస్. "తెలిసీ నోరు మూసుకున్నాడు."

"ఎవరు మార్చారో తెలుసా తాతా?"

ముసలాయన చూపు సంకెళ్ళ మీద ఉంది. "నేను మార్చలేదు. అంతకు మించి నా నోటితో చెప్పకూడదు."

"తెలియదా, చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

మెనేసెస్ విసుగ్గా కుర్చీ వెనక్కి నెట్టాడు. "ఒక అంకె చెక్కిన రాయి! ఒకే ఒక్క అంకె! దాని చుట్టూ ఇంత మూటా ముల్లే, ఇంత మౌనం!"

"ఉత్త అంకె కాదు నాయనా, కూడలి." తాత గొంతులో కోపం లేదు, చిన్నపిల్లలకు చెప్పే ఓపిక ఉంది. "పదమూడు లక్షల అరవై ఆరు వేల అయిదు వందల అరవై రోజులు. మా లెక్క రెండువందల అరవై రోజుల తిరుగుడు. సూర్యుడిది మూడువందల అరవై అయిదు. వేకువచుక్క శుక్రుడిది అయిదువందల ఎనభై నాలుగు. ఎర్రచుక్క కుజుడిది ఏడువందల ఎనభై. ఒకడు రెండు వారాలకోసారి సంతకు వస్తాడు, ఇంకొకడు నెలకోసారి, ఇంకొకడు పంట అయ్యాక. అందరూ ఒకే రోజున ఒకే అరుగు మీద కలిశారనుకో, ఆ రోజును మరిచిపోతామా? ఆ అంకె అలాంటిది. వీళ్ళలో ఎవరి తిరుగుడుతో భాగించినా ఒక్క రోజు మిగలదు. పాతవాళ్ళు వెతికి వెతికి పట్టుకున్నారు."

"నమ్మమంటారా?"

"నమ్మడమెందుకు? భాగించి చూడు."

మెనేసెస్‌కు లెక్క కనబడితే చెయ్యకుండా ఉండలేని జబ్బు ఉన్నట్టుంది. కాగితం అంచున భాగించాడు. రెండువందల అరవైతో 5256 సార్లు, శేషం సున్న. మూడువందల అరవై అయిదుతో 3744, సున్న. శుక్రుడితో 2340, సున్న. కుజుడితో 1752, సున్న. అతను కలం పెట్టేసి, ఎవరూ చూడటం లేదనుకుని, పిండిముద్ద ఆకు విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

కతరీనా చూసీ చూడనట్టు లేచి పెట్టె గదిలోకి వెళ్ళింది.

కిటికీ లేని గది. ఒక దీపం. పెట్టె మూత తెరిచి ఉంది, పక్కన బల్ల మీద రాయి. కతరీనా ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. పొగమసి, దాని మీద నూనె. వేలితో రుద్దితే మసి రాలేదు. వందల ఏళ్ళ ధూపం పట్టిన రాయిలాగే ఉంది. ఒక్క మూల మాత్రం తెల్లటి గీత.

"ఈ గీత?"

"నా కత్తిది," అన్నాడు వెనక నుంచి మెనేసెస్. "తొమ్మిదిన్నరకు గీశాను. లోపల తెల్లగా, పచ్చి రాయి. గట్టి పనివాడే చేశాడు. గీసేదాకా నాకే అనుమానం రాలేదు."

"మీ కంటికే?"

"ఇరవై ఏళ్ళుగా నకిలీలు చూసిన కంటికే."

"మంచి కన్ను సారూ," అంది కతరీనా మనస్ఫూర్తిగా. "ఇప్పటి దాకా మీరు చెప్పిన వాటిల్లో నాకు బాగా పనికొచ్చే మాట ఇదే."

రాయి మీద పై నుంచి కిందికి అయిదు వరసలు. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే అయిదు, గవ్వ అంటే సున్న. అది ఆ ఊళ్ళో బడికి పోయిన ప్రతివాడికీ వచ్చు. కతరీనా పైవరస నుంచి రాసుకుంది: ఎనిమిది, పది, పదహారు, ఎనిమిది, గవ్వ. ఆ తరువాత పాత జాబితా అడిగింది. ఎవులాలియా తెచ్చిన అట్ట మీద వంకర చేతిరాతలో రాయి పొడవు, బరువు, కింద '13,66,560 దినాలు' అని మామూలు అంకెలు. బొమ్మ లేదు. ఆ రాయిని ఫోటో తియ్యకూడదు, కాగితం మీద గీయకూడదు. అది మ్యూజియానికి ఇచ్చేటప్పుడే ఊరు పెట్టిన షరతు.

ఆమె నేల మీదే చతికిలబడి లెక్క వేసింది. ఒకసారి వేసి, తల గోక్కుని, ఇంకో రకంగా వేసింది. రెండోసారి అయ్యేటప్పటికి ఆమె ముఖం తియ్యటి మొక్కజొన్న జావ అతోల్ తాగిన పసిపిల్ల ముఖంలా విప్పారింది.

"ఏమైంది?" అన్నాడు మెనేసెస్.

"డైరెక్టరు గారిని పిలవండి సారూ. నేనేం మాట్లాడినా ఓ పది నిమిషాలు నాకు అడ్డు రాకండి. పది నిమిషాలే. ఆ తరువాత మీ ఇష్టం."

"నాకు మీరు ఆజ్ఞలు..."

"బతిమాలుతున్నాను."

డైరెక్టరు ఆర్తూరో బెతెతా సన్నటి మనిషి, వేసవిలోనూ కోటు విప్పడు. "ఆ ముసలాయన్ని చూస్తే జాలేస్తోంది," అన్నాడు వస్తూనే. "పేదరికం ఏ పనైనా చేయిస్తుంది."

"నిజమే సారూ," అంది కతరీనా. గుమ్మం వైపు, మెనేసెస్‌తో అన్నట్టుగా, కానీ డైరెక్టరుకు వినబడేలా చెప్పింది. "చూశారా సారూ, ఈ రాయి మీద అంకే తప్పు. ఎంత గట్టి పనివాడైనా అంకె దగ్గర దొరికిపోయాడు." తరువాత డైరెక్టరు వైపు తిరిగింది. "సరే, మీరు చెప్పండి. ఏడూ అయిదుకి ఇది నకిలీ అని అరిచారు. ఎలా గుర్తుపట్టారు?"

"చూడగానే తెలిసిపోయింది. కొత్త చెక్కడం."

"మెనేసెస్ సారు కత్తితో గీస్తేగాని తెలియలేదే? మీరు కత్తి వాడారా?"

"లేదు, కానీ... పాత రాయి రూపు నాకు..."

"మీరు వచ్చి అయిదు నెలలు. పెట్టె తెరిచేది రెండువందల అరవై రోజులకోసారి. పోయినసారి తెరిచినప్పుడు మీరు ఈ ఊళ్ళోనే లేరు. అసలు రాయిని మీరు ఎప్పుడు చూశారు?"

బెతెతా నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. గుమ్మం దగ్గర మెనేసెస్ నిటారుగా నిలబడ్డాడు.

"రాయిని చూడలేదు," అన్నాడు డైరెక్టరు. "చూడనక్కర్లేదు కూడా. మీరే అన్నారుగా, అంకె! అట్ట మీద పదమూడు లక్షల అరవై ఆరు వేల చిల్లర ఉంది. రాయి మీద అది లేదు. అదే పట్టుకున్నాను నేను."

"అంత తొందరగా! అయిదు నిమిషాల్లో!" కతరీనా చేతులు జోడించింది. "నేను మిరపకాయలమ్మే తల్లి కూతుర్ని, నాకింత సేపు పట్టింది. మాకోసం ఒక్కసారి చదివి చెప్పండి. మెనేసెస్ సారు రాసుకుంటారు."

ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. బెతెతా రాయి మీద వంగాడు. "పైన... ఎనిమిది."

"ఒక్కొక్కటీ ఎంత?" మెనేసెస్ కలం తీశాడు.

"అడుగు వరస ఒకట్లు, దాని మీద ఇరవైలు, ఆ మీద నాలుగువందలు, ఎనిమిదివేలు, లక్షా అరవైవేలు. మెట్టుకు ఇరవై రెట్లు. బడిలో నేర్పేదే," అన్నాడు బెతెతా.

"ఎనిమిది లక్షా అరవైవేలు. పన్నెండు లక్షల ఎనభైవేలు. తరువాత?"

"పది."

"పది ఎనిమిదివేలు, ఎనభైవేలు."

"పదహారు."

"ఆరువేల నాలుగువందలు."

"ఎనిమిది. తరువాత గవ్వ."

"నూట అరవై. సున్న." మెనేసెస్ గీత గీసి కూడాడు. కూడి ఆగాడు. మళ్ళీ కింది నుంచి పైకి కూడాడు. తల ఎత్తినప్పుడు అతని ముఖంలో పొద్దుటి నుంచీ ఉన్న విసుగు లేదు. "పదమూడు లక్షల అరవై ఆరు వేల అయిదు వందల అరవై. అట్ట మీద ఉన్నదే ఇదీ. సరిపోయింది."

కతరీనా ఆ కాగితాన్ని బెతెతా ముందుకు జరిపింది.

"సరిపోయిందిగా డైరెక్టరు గారూ," అంది కతరీనా. "మీ లెక్కలో ఈ రాయికి ఏ తప్పూ లేదు. తప్పు లేని అంకెను చూసి, చూడని రాయిని తలుచుకుని, మసి కింద కనబడని పచ్చిరాయిని కనిపెట్టి, అయిదు నిమిషాల్లో నకిలీ అని కేక వేశారు!"

"మీరే కదా అంకె తప్పన్నారు!"

"తప్పే. కానీ ఆ తప్పు మీకు తెలియదు. మీది సంత లెక్క. బడిలో పిల్లలకు నేర్పేది, మా అమ్మ మిరపకాయలు లెక్కబెట్టేది అదే. ఇరవై, నాలుగువందలు, ఎనిమిదివేలు. రోజుల రాళ్ళకు ఆ లెక్క పనికిరాదు. రోజులు లెక్కబెట్టేటప్పుడు మూడో మెట్టు నాలుగువందలు కాదు, మూడువందల అరవై. ఇరవై రోజుల నెలలు పద్ధెనిమిది. ఆ పైన ఏడువేల రెండువందలు, ఆ పైన లక్షా నలభై నాలుగువేలు. ఆ లెక్కన మీ రాయి పన్నెండు లక్షల ఇరవై తొమ్మిది వేల తొమ్మిదివందల ఇరవై. దాన్ని రెండువందల అరవైతో భాగించండి, నూట ఇరవై మిగులుతుంది. సూర్యుడితో భాగించండి, అక్కడా మిగులే. ఎవరూ ఎవరినీ కలవని కూడలి. అసలు రాయి మీద తొమ్మిది, తొమ్మిది, పదహారు, కింద రెండు గవ్వలు ఉండాలి. జీవితమంతా రోజులు మోసిన మనిషి తన చేత్తో ఈ సంత లెక్క చెక్కుతాడా? వంట గరిటెతో మందు కొలిచినట్టుంటుంది. ఇది చేయించినవాడికి రాయి రూపు తెలియదు. తెలిసింది అట్ట మీది అంకెలూ, బడి లెక్కా మాత్రమే."

బెతెతా తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. 

మెనేసెస్ మాత్రం అడిగాడు. "ఒక్కటి అర్థం కాలేదు. దొంగే అయితే తానే ఎందుకు కేక వేశాడు? ఊరుకుంటే అయిపోయేదిగా?"

"వచ్చే వారం రాళ్ళ వయసు తేల్చేవాళ్ళు వస్తున్నారని మీరే కదా మొన్న ఫోన్లో మా ఠాణాకు చెప్పారు. వాళ్ళు వచ్చేలోగా దొంగ ఒకడు దొరికి ఉండాలి. పెట్టె దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు రెండువందల అరవై రోజుల్లో ఒక్కడే. అదీ ఈ రోజే."

మెనేసెస్ ముందు గదిలోకి వెళ్ళి, ముసలాయన ముందు మోకాలి మీద కూర్చుని, సంకెళ్ళు తన చేత్తోనే విప్పాడు. "క్షమించండి పెద్దాయనా," అన్నాడు, చాలా నెమ్మదిగా. ఆ సంకెళ్ళే తెచ్చి బెతెతా చేతులకు వేశాడు. అతని జేబులోని ఫోను తీసి ముందు గది బల్ల మీద పెట్టాడు. మెనేసెస్ వెంట వచ్చిన కానిస్టేబుల్ అతన్ని వెనక గదిలోకి తీసుకుపోయాడు. రాత్రే పెట్టె తెరిచి రాయి మార్చేశాననీ, అది పొద్దున అయిదింటికే సరిహద్దు వైపు పోయిందనీ అతను వెళుతూ వెళుతూ ఒప్పుకున్నాడు. మెనేసెస్ దారి మీది ఠాణాలకు ఫోన్లు చెయ్యడానికి అరుగు మీదికి పరుగెత్తాడు.

ఒంటిగంటా నలభై. కతరీనా తాత మణికట్లు తన అరచేతులతో రుద్దింది.

"మీ దగ్గరికొచ్చి అడిగాడు కదూ తాతా? ఈ అంకెను చుక్కల్లో ఎలా రాయాలని?"

తాత గోడ వైపు చూశాడు. "నా బల్ల ముందు కూర్చుని అడిగినవాడి మాట నా బల్ల దాటదు. పాపిష్టివాడి మాటైనా సరే. దాటితే రేపు నా దగ్గరికి ఎవడొస్తాడు?"

"చెప్పకండి. నేనే చెబుతాను, మీరు ఊ కొట్టకండి. రోజుల అంకె అడిగినవాడికి మీరు కావాలనే సంత లెక్కలో రాసిచ్చారు. ఎప్పుడో ఒకప్పుడు లెక్క వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు చూస్తారని."

ముసలాయన ఊ కొట్టలేదు. కానీ కళ్ళ చివర ముడతలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. "మీ అమ్మ మిరపకాయలు లెక్కబెడుతుంటే పక్కన కూర్చునేదానివి. ఎప్పుడూ ఒక్కటి తప్పేదానివి కాదు," అన్నాడు.

"రాయి పోయింది తాతా. అదొక్కటే నా చేత కాలేదు."

"పోయింది కూడా అసలుది కాదు తల్లీ."

కతరీనా చేతులు ఆగాయి.

"సైనికులు ఊళ్ళు తగలబెట్టిన ఏడాది, మా గురువూ నేనూ అసలుదాన్ని దాచేశాం. పెట్టెలో పెట్టింది నేను చెక్కిందే. తాపీవాళ్ళ ఇనప ఉలితో; పాతవాళ్ళకు ఇనుమెక్కడిది! అంకె మాత్రం సరైనదే చెక్కాను, అది అబద్ధం చెక్కడానికి చెయ్యి రాలేదు. గురువు పోయాడు. అసలుది ఎక్కడుందో ఇప్పుడు నా ఒక్కడికే తెలుసు. లెక్క అప్పగించేటప్పుడు, దాంతోపాటు ఆ చోటు కూడా అప్పగించాలి. నాలుగింటికి."

కతరీనాకు అప్పుడు అర్థమైంది, ఆ జీపులో ఏం పోబోయిందో. రాజధాని జైల్లో ఈ ముసలిగుండె ఏ రాత్రి ఆగినా, ఆ కూడలికి దారి తెలిసినవాళ్ళు భూమ్మీద మిగిలేవాళ్ళు కాదు.  ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళతోనే.

బల్ల మీద బెతెతా ఫోను మోగింది.

ఒక్క అంగలో లోపలికొచ్చిన మెనేసెస్ దాన్ని అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండా దగ్గాడు. అవతలి గొంతు గదిలో అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

"ఏమయ్యా డైరెక్టరూ, మాకు ఏ రాయి అంటగట్టావ్? మావాడు భూతద్దం పెట్టాడు. అన్నీ ఇనప ఉలి గీతలే! సగం దారి నుంచి వెనక్కి తిరిగాం. పావుగంటలో నీ గుమ్మం ముందుంటాం. అసలుది బల్ల మీద పెట్టు. లేదా అదెక్కడుందో చెప్పే మనిషిని పెట్టు. నీకేం చేతకాకపోతే ఆ రోజుల ముసలాణ్ణే మేం అడుగుతాం."

ఫోను ఆగిపోయింది. మెనేసెస్, కతరీనా ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి మొదటిసారి ఇద్దరికీ ఒకే మాట తోచింది.

"జసింతా!" అని పిలిచింది కతరీనా. "మామగారిని వెనక తలుపు నుంచి, మొక్కజొన్న చేలల్లోంచి కొండెక్కించు. దారి మీదికి రావద్దు. ఎవులాలియా, నువ్వూ వెళ్ళు. నాలుగింటికి జరగాల్సింది జరగాలి."

తాత లేచి నిలబడి, తడబడకుండా, కోడలి భుజం మీద చెయ్యి వేశాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "మరి నువ్వు?"

"నాకిది చాలా మంచి రోజు తాతా. ఎవరినీ వెతుక్కుంటూ సరిహద్దు దాకా పోనక్కర్లేదు, వాళ్ళే వస్తున్నారు."

వెనక తలుపు మూసుకుంది. మెనేసెస్ ఠాణాకు ఫోన్ చేశాడు. మనుషులంతా సంత బందోబస్తులో ఉన్నారు, అరగంట పడుతుంది. అతను ఫోను పెట్టేసి, చిలక్కొయ్యకు వేలాడుతున్న బెతెతా రెండో కోటు తీసి తొడుక్కున్నాడు. చేతులు పొట్టివయ్యాయి. డైరెక్టరు గదిలో, తలుపుకు వీపు పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. తుపాకీ ఒళ్ళో, కాగితాల కింద.

"ఎంతమంది ఉంటారంటారు?" అన్నాడు తల తిప్పకుండా.

"వచ్చాక లెక్కబెడదాం. ఆ పని నాకొచ్చుగా."

బయట ఒక బండి ఆగిన చప్పుడు. వెనకే ఇంకొకటి. మెట్ల మీద బూట్లు. కతరీనా జడ సరిచేసుకుని, పైవస్త్రం కింద నడుము దగ్గర తుపాకీని ఒకసారి తడిమి చూసుకుని, వాళ్ళు తట్టేలోపే తలుపు బార్లా తీసింది.

"రండి, రండి!" అంది, ఎన్నాళ్ళకో వచ్చిన చుట్టాల్ని చూసినట్టు. "రాయి గురించే కదా? డైరెక్టరు గారు మీ కోసమే ఎదురుచూస్తున్నారు. లోపలికి వచ్చి కూర్చోండి. తొందరేముంది, నాలుగింటి దాకా మనం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."